ఆవలి ఒడ్డు ఎంత దూరం? కోనసీమ నుంచి చూసిన రవాణా భూగోళం

ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపక మిత్రులకు, బెంచీల్లో కూర్చున్న పిల్లలకీ, చోటు చాలక గుమ్మం దగ్గర నిలబడ్డ పిల్లలకీ నమస్కారం.

రవాణా భూగోళం గురించి మాట్లాడమన్నారు. ఆ మాట వినగానే మీకు పటంలో రోడ్ల ఎర్ర గీతలూ, రైళ్ల నల్ల గీతలూ గుర్తొస్తాయి. నేను సఖినేటిపల్లి రేవు దగ్గర మొదలుపెడతాను. దూరం అనే మాటకి అర్థం నాకు తెలిసింది అక్కడే.

మా చిన్నతనంలో ఆ రేవులో నిలబడితే గోదావరి పాయ వశిష్ట అవతల నరసాపురం కనిపించేది. చీకటి పడ్డాక దీపాలు లెక్కపెట్టేవాళ్లం. గాలి ఇటు తిరిగితే రైలు కూత కూడా వినపడేది. అయితే మనుషుల్నీ బండ్లనీ ఏరు దాటించే ఆఖరి పంటు వెళ్లిపోయిందంటే ఆ ఊరు ఇక లేనట్టే. మా పెద్దక్కకి నెలలు నిండకుండానే నొప్పులొచ్చిన రాత్రి, నాన్న పడవవాళ్లని లేపడానికి గట్టు వెంట పరిగెత్తాడు. అమ్మ ఒళ్లో తల పెట్టుకుని అక్క రేవులోనే గంటన్నర పడుకుంది. అవతలి ఒడ్డున దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. అక్క బతికింది, బిడ్డ దక్కలేదు. ఆ తర్వాత నేను భూగోళం చదువుకున్నాను, ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను. దూరాన్ని కిలోమీటర్లలో మాత్రమే కొలిచే పటం చూస్తే ఇప్పటికీ నాకు ఆ రాత్రే గుర్తొస్తుంది.

మనిషికి దూరమంటే పట్టే కాలం, అయ్యే ఖర్చు, కాచుకోవాల్సిన సేపు, దారిలో భయం. ఇవన్నీ కలిస్తేనే దూరం. కొత్త దారి పడినప్పుడల్లా ఒక ఊరు దగ్గరవుతుంది, ఇంకో ఊరు జరగకుండానే దూరమైపోతుంది. ఈ రెండో సంగతిని మన ప్రణాళికలు పట్టించుకోవు. ఇవాళ నేను చెప్పదలచుకున్నది దాని గురించే.

మన నేలనే చూడండి. ఇటు గౌతమి, అటు వశిష్ట, నడుమ వైనతేయ, కింద సముద్రం. చుట్టూ నీళ్లే. ఈ నీళ్లనే దారిగా మార్చినవాడు కాటన్. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట కాలవలు పొలాలకే కాదు, పడవలకి కూడా తవ్వినవి. అందుకే వాటి మీద లాకులు, అంటే నీటిమట్టం మారే చోట పడవని దాటించే తలుపులు, కట్టారు. ధాన్యం, కొబ్బరి, కలప, పెళ్లివారు, అందరూ పడవల మీదే. గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు, లేకపోతే గట్టు మీద నడుస్తూ మనుషులే తాడుతో లాగేవారు. కాకినాడ కాలువ, ఏలూరు కాలువ, కొమ్మమూరు కాలువ, ఆ కింద బకింగ్‌హాం కాలువ పట్టుకుని కాకినాడ నుంచి మద్రాసు దాకా పడవ దిగకుండా వెళ్లగలిగిన కాలం ఉంది. బకింగ్‌హాం కాలువలో కొంత భాగం 1876–78 నాటి ధాత కరువులో ఆకలితో ఉన్నవాళ్ల చేత కూలికి తవ్వించినదే. అది కూడా మరిచిపోకూడదు. రైలు కంటే నీటిదారి చౌక అని కాటన్ ఇంగ్లండులో ఏళ్ల తరబడి వాదించాడు. ఆ వాదన నెగ్గలేదు.

రైలు వచ్చింది. 1893 నుంచి 1896 లోపు తూర్పుతీరం వెంట ముక్కలు ముక్కలుగా లైను పడింది. గోదావరి మీద వంతెన మాత్రం 1900 దాకా లేదు. అప్పటివరకూ ఒక ఒడ్డున రైలు దిగి, ఏరు దాటి, అవతలి ఒడ్డున ఇంకో రైలెక్కాల్సిందే. ఆ వంతెనే హేవలాక్ వంతెన. అది 1997 దాకా పనిచేసింది. దాని పక్కన 1974లో కింద రైలూ పైన రోడ్డూ ఉన్న వంతెన, 1997లో కమానుల వంతెన వచ్చాయి. రాజమహేంద్రవరం వెళ్లినప్పుడు ఆ మూడింటినీ ఒకేసారి చూడండి. నూరేళ్ల రవాణా చరిత్ర పక్కపక్కనే నిలబడి ఉంటుంది.

ఆ లైను ఎక్కడ పడిందో గమనించారా? కాకినాడ రేవు పట్టణం. మెయిన్ లైను మాత్రం సామర్లకోట మీదుగా పోయింది, కాకినాడ బ్రాంచి లైను చివర మిగిలిపోయింది. కోనసీమకైతే అదీ లేదు. కాకినాడ నుంచి కోటిపల్లి దాకా ఒక లైను ఉండేది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో దాని పట్టాలు పీకి పట్టుకుపోయారు. మళ్లీ వేసింది 2004లో. అక్కణ్ణుంచి గౌతమి, వైనతేయ, వశిష్ట దాటి నరసాపురం చేరాల్సిన 57 కి.మీ. లైను 2000–01లో మంజూరైంది. ఆ సంవత్సరం పుట్టిన పిల్లలు డిగ్రీలు పూర్తిచేసి ఉద్యోగాలు వెతుక్కుంటున్నారు. నదిలో స్తంభాలు లేచాయి, వాటి మీద రైలు ఇంకా నడవలేదు. వంతెన సగంలో ఉన్న ఏరు ఏ వంతెనా లేని ఏరు కంటే ఎక్కువ బాధపెడుతుంది, ఎందుకంటే ఆశ పెట్టి ఆపేసింది.

వంతెన పూర్తయితే ఏమవుతుందో యానాం–ఎదుర్లంక దగ్గర చూశాం. 2002లో గౌతమి మీద బాలయోగి గారి పేరున్న వారధి తెరుచుకునే దాకా, అమలాపురం నుంచి కాకినాడ వెళ్లాలంటే రేవు దాటాలి, లేదా రావులపాలెం మీదుగా చుట్టు తిరగాలి. వారధి వచ్చాక పొద్దున్న బయల్దేరి కాకినాడ పెద్దాసుపత్రిలో చూపించుకుని సాయంత్రానికి ఇల్లు చేరడం మామూలైపోయింది. పటంలో అమలాపురం, కాకినాడ అంగుళం కూడా జరగలేదు. అయినా దగ్గరయ్యాయి. అదే సమయంలో ఎదుర్లంక రేవులో టీ కొట్లు, పడవలు, కూలీలు ఏమయ్యారు? వాళ్ల లెక్క ఎవరూ రాయలేదు. వారధి వద్దని నేననడం లేదు. ఆ రెండో లెక్క కూడా మన శాస్త్రంలో భాగమే అంటున్నాను.

ఇప్పుడు కొబ్బరికాయ సంగతి. అంబాజీపేట మార్కెట్టు నుంచి లారీలు రాజస్థాన్ దాకా, గుజరాత్ దాకా వెళ్తాయి. ఎందుకు వెళ్తాయి? ఎడ్వర్డ్ ఉల్మన్ అనే అమెరికన్ భూగోళ శాస్త్రవేత్త 1950లలో దీనికి మూడు షరతులు చెప్పాడు. ఒకచోట మిగులు, ఇంకోచోట అవసరం ఉండాలి. ఈ రెంటి మధ్యా అదే సరుకు ఇంకా దగ్గర్లో దొరకకూడదు. సరుకు ఆ దూరాన్ని, ఆ ఖర్చును తట్టుకోవాలి. మన కాయకి మూడూ కుదిరాయి. అక్కడ దేవుడి దగ్గర కొట్టడానికి కాయ కావాలి, అక్కడ చెట్టు లేదు. కేరళ, తమిళనాడు పోటీకి ఉన్నా ఉత్తరాదికి మనమే కాస్త దగ్గర. ఇక కాయ సంగతంటారా, కుదుపులకి పగలదు, వారం రోజులైనా చెడదు. అదే ఆకివీడు, కైకలూరు చేపని చూడండి. పెట్టెల్లో ఐసు నింపి కోల్‌కతా వైపు పంపాలి. దారిలో లారీ ఒక రోజు ఆగిందంటే సరుకు పోయినట్టే. కాయకి దూరం డబ్బు, చేపకి దూరం గంటలు. ఒకే డెల్టా, రెండు భూగోళాలు.

మరి కాయ రైల్లో ఎందుకు వెళ్లదు? గూడ్సు బండి నింపాలంటే నలభైకి పైగా వ్యాగన్ల సరుకు ఒకేసారి, ఒకేచోటుకి ఉండాలి. అంబాజీపేట వ్యాపారికి జోధ్‌పూర్‌లో ఒక కొట్టుకి ఒక లారీ కాయ చాలు. లారీ రాశి దగ్గరకే వస్తుంది, కొట్టు గుమ్మం ముందే దింపుతుంది. ఇది కోనసీమ కథ మాత్రమే కాదు, దేశం కథ. 1950–51లో మన సరుకు రవాణాలో 80 శాతం పైగా రైలు మోసేది. ఇప్పుడు 30 శాతం లోపే. 2030 నాటికి దీన్ని 45 శాతానికి చేర్చాలని జాతీయ రైలు ప్రణాళిక పెట్టుకుంది. రైలు తక్కువ ఇంధనంతో ఎక్కువ బరువు లాగుతుంది కాబట్టి ఆ లక్ష్యం సరైనదే. అయితే ఒక లారీడు సరుకున్న చిన్న వ్యాపారి రైలెక్కే ఏర్పాటు చెయ్యకుండా సరుకు బండ్ల కోసమే వేసే పెద్ద పెద్ద లైన్లు, అదే కారిడార్లు, ఎన్ని వేసినా అవి బొగ్గుకీ, ఇనుప ఖనిజానికీ, కంటెయినర్లకే. అంబాజీపేట లారీ మీదే ఉంటుంది.

సరుకంతా రోడ్డెక్కితే ఏమవుతుందో చెప్పాలి. 2022లో ఈ దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. మొత్తం రోడ్ల పొడవులో జాతీయ రహదారులు 2 శాతం ఉంటాయి. చావుల్లో మాత్రం 36 శాతం వాటి మీదే. మన డెల్టాలో దీనికి ఇంకో కారణం తోడైంది. చుట్టూ వరిచేలు, ఎత్తుగా ఉండేది కాలవ గట్టు ఒక్కటే, కాబట్టి రోడ్లు గట్ల మీదే పడ్డాయి. పడవ లాగే మనిషి నడిచిన దారి అది. దాని మీద ఇప్పుడు రొయ్యల వ్యాను, ఇసుక లారీ, కాలేజీ బస్సు ఎదురెదురు పడుతున్నాయి. పక్కన పిట్టగోడ లేదు, రాత్రి మంచు పడితే మలుపు కనపడదు. కారు కాలవలోకి వెళ్లిందన్న వార్త ప్రతి చలికాలం చదువుతూనే ఉన్నాం. దాన్ని డ్రైవరు తప్పు అని రాస్తారు. నూటడెబ్బై ఏళ్ల కిందటి గట్టు తప్పు కూడా అని నా అభిప్రాయం.

రవాణా అంటే చక్రాలే అనుకోకండి. కంటికి కనపడని దారి ఇంకొకటి మన కాళ్ల కిందే ఉంది. 2014 జూన్ 27 తెల్లవారుజామున మన కోనసీమలోనే నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా కాలిపోయారు. ఈ గదిలో ఆ చుట్టుపక్కల ఊళ్ల పిల్లలున్నారని నాకు తెలుసు. పైపులైను ఎవరి పెరట్లోంచి పోతోందో వాళ్లకి అది ఏమీ మోసుకురాదు, ప్రమాదాన్ని మాత్రం అక్కడే వదిలిపెడుతుంది.

వాతావరణం మారుతున్న కొద్దీ ఇంకో సమస్య ముదురుతోంది. 2024 సెప్టెంబరు 1 గుర్తుందా? మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం, ఇంటికన్నె మధ్య పట్టాల కింద కంకర కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. అదే రోజు నందిగామ దగ్గర ఐతవరంలో జాతీయ రహదారి మీదికి నీళ్లొచ్చాయి. అటు బుడమేరు విజయవాడలోకి వచ్చేసింది. రైలు, రోడ్డు ఒకేసారి తెగాయి. హైదరాబాదులో ఉన్న మన పిల్లలు ఇంటికి రాలేక, ఇక్కడివాళ్లు వెళ్లలేక చిక్కుకుపోయారు. ఉత్తరం, దక్షిణం, తూర్పు అన్నీ విజయవాడ అనే ఒక్క ముడి గుండానే పోవాలి. ప్రతిపాదనల్లో ఉన్న ఖరగ్‌పూర్–విజయవాడ, ఇటార్సీ–విజయవాడ సరుకు కారిడార్లు కూడా వచ్చి కలిసేది అక్కడికే. బీబీనగర్–నడికుడి–గుంటూరు లాంటి పక్కదారి ఇన్నాళ్లూ ఒంటి లైనుగానే ఉండిపోయింది, ఇప్పుడు రెండో లైనుకి పూనుకున్నారు. ముందే చెయ్యాల్సిన పని. వేగం పెంచడానికి పెట్టే డబ్బులో కొంతయినా, తెగినప్పుడు పనికొచ్చే రెండో దారికి పెట్టాలి.

లంక ఊళ్లవాళ్లకి ఇది కొత్త కాదు. వరదొస్తే కనకాయలంక కాజ్‌వే మునుగుతుంది, పిల్లలు పడవెక్కి బడికి వెళ్తారు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు ఆ పడవలు కూడా ఆగిపోయాయి.

కాలవలు మళ్లీ పడవలకి పనికొస్తాయా అని ఎవరో చీటీ రాసి పంపారు. 2008లోనే కాకినాడ–పుదుచ్చేరి కాలవల్ని, గోదావరి కృష్ణలతో కలిపి నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. అయితే ఇప్పుడా కాలవలు చూడండి. వేసవిలో నీళ్లు కట్టేస్తారు. గుర్రపుడెక్క కమ్మేసింది, లాకులు శిథిలమయ్యాయి, రోడ్డు వంతెనలు పడవ దూరనంత కిందికి కట్టేశారు. మొత్తం దారి తిరిగి తెరవడం అసాధ్యమనే నాకనిపిస్తోంది. నదిలో నీరు నిలిచే చోట్ల, కృష్ణలో ముక్త్యాల–విజయవాడ లాంటి ముక్కల్లో మాత్రం ఇసుక, సిమెంటు లాంటి బరువు సరుకులకి వీలుంది.

చివరగా బస్సు. తెలంగాణలో 2023 డిసెంబరు 9న, మన రాష్ట్రంలో 2025 ఆగస్టు 15న ఆడవాళ్లకి ఆర్టీసీలో ఉచిత ప్రయాణం మొదలైంది. దాని మీద వాదోపవాదాలు విన్నాను. ఒక్క మాట చెబుతాను. పి.గన్నవరం నుంచి అమలాపురానికి కూలికొచ్చే ఆమెకి ఛార్జీ కూడా దూరమే. అది పోయిన రోజున అమలాపురం ఆమెకి దగ్గరైంది. అయితే పల్లెవెలుగు రోజుకి రెండుసార్లే వచ్చే ఊళ్లో ఉచిత టికెట్టు ఏం చేస్తుంది? బస్సు రానిచోట ఛార్జీ సున్నా అయినా దూరం తగ్గదు, ఆమె షేర్ ఆటోకి డబ్బిచ్చే వెళ్తుంది. ఇంకా బస్సులు కావాలి, డ్రైవర్లు కావాలి, రాత్రి ఎనిమిది తర్వాత ఒక ట్రిప్పు కావాలి.

ఇప్పుడు మీకు పని చెబుతాను. తెల్లకాగితం తీసుకుని మధ్యలో మీ ఇల్లు గుర్తుపెట్టండి. ఒక గంటలో మీ అన్నయ్య బైకు మీద ఎక్కడెక్కడికి చేరగలడో నీలం రంగుతో గీయండి. అదే గంటలో మీ అమ్మ, సొంత బండి లేకుండా, చీకటి పడ్డాక, ఎక్కడికి చేరగలదో ఎర్ర రంగుతో గీయండి. ఏటికి అవతల ఊరుంటే, ఆఖరి పంటు ఎన్నింటికో రేవులోనే అడిగి తెలుసుకుని ఆ గీత పక్కన రాయండి. వచ్చే శుక్రవారం ఆ కాగితాలన్నీ ఈ గోడకి అంటిద్దాం. చూడ్డానికి కలెక్టరేటు నుంచి ఎవరినైనా రమ్మని ప్రిన్సిపాల్ గారు ఉత్తరం రాస్తానన్నారు.