ఆకు మీద వెండి గీత

తమ్ముడు: అక్కా, నిమ్మచెట్టు కొత్త చిగురంతా పాము పాకినట్టు గీతలే. ఫొటో పంపాను, చూశావా?

అక్క: చూశానురా. పాముపొడ అంటారు దాన్ని. గీసింది ఓ బుల్లి రెక్కల పురుగు పిల్ల, ఫిల్లోక్నిస్టిస్ సిట్రెల్లా. 1856లో స్టెయిన్‌టన్ అనే ఆయన కలకత్తా నమూనాలు చూసి ఆ పేరు పెట్టాడు. ఆకు చేతిలో ఉందా?

తమ్ముడు: ఉంది.

అక్క: వెలుతురుకి ఎత్తి పట్టుకో. గీత సన్నగా ఉన్న చోటే మొదలు. తల్లి అక్కడ ఒక్క గుడ్డు అంటించి వెళ్లింది. పిల్ల పుడుతూనే నేరుగా ఆకులోకి దిగుతుంది, బయటి గాలే తగలదు. ఒళ్లు పెరిగేకొద్దీ సొరంగమూ వెడల్పవుతుంది.

తమ్ముడు: మధ్యలో నల్లటి దారంలా సాగింది, అదేంటి?

అక్క: దాని పెంట! ఈ పురుగుకి అదే ఆనవాలు. పైపొర కింద కణాలు చీల్చి రసం తాగుతుంది. పొర లేచిపోయి లోపల గాలి చేరుతుంది కదా, అందుకే ఆ వెండి మెరుపు. గీత ఎక్కడ ఆగింది?

తమ్ముడు: అంచు దగ్గర. అక్కడ ఆకు కాస్త మడిచినట్టుంది.

అక్క: గోటితో మెల్లిగా విప్పు.

తమ్ముడు: అమ్మో, గోధుమరంగు గింజలాంటిది ఉంది!

అక్క: అదే ప్యూపా, పిల్ల రెక్కల పురుగుగా మారేముందు ఉండే రూపం. పిల్ల నాలుగో దశలో తిండి మానేసి పట్టుదారం అల్లుతుంది, అంచు ముడుచుకునేది ఆ దారం వల్లే. గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా వేడిని బట్టి 13 నుంచి 52 రోజులు.

తమ్ముడు: వేరే మొక్కలకు పాకుతుందా?

అక్క: నిమ్మ కుటుంబం దాటి పెద్దగా పోదు. బత్తాయి, నారింజ, దబ్బ, పంపరపనస, మారేడు. అదీ లేత చిగురే కావాలి, ముదురాకు ముట్టదు.

తమ్ముడు: మందు కొట్టనా?

అక్క: వద్దురా! పొర కింద ఉన్నదానికి పైన చల్లింది చేరడం కష్టం, దాన్ని వేటాడే బుల్లి కందిరీగలు మాత్రం చచ్చిపోతాయి. 1993లో ఈ పురుగు ఫ్లోరిడా తోటల్లో కనబడితే, మరుసటి ఏడాదే అజెనియాస్పిస్ అనే కందిరీగను తెచ్చి వదిలారు. అది ఈ పురుగు గుడ్డులోనే తన గుడ్డు పెడుతుంది, ఎంత అద్భుతమో చూడు! నీది పెద్ద చెట్టు, తట్టుకుంటుంది. లేత అంటుమొక్కలకూ, గజ్జి తెగులు ఉన్న తోటలకూ మాత్రం జాగ్రత్త కావాలి. ఆ సొరంగాల్లోంచే గజ్జి బాక్టీరియా లోపలికి దిగుతుంది.

తమ్ముడు: సరే, కొట్టను.

అక్క: విప్పని మడతలు రెండు కోసి సీసాలో వెయ్యి, మూతికి పల్చటి గుడ్డ కట్టు. రోజూ తెల్లవారుజామున చూస్తుండు. రెక్క చివర నల్ల చుక్కున్న తెల్ల పురుగు వస్తుందో, కందిరీగ వస్తుందో నాకు ఫోన్ చెయ్యి.