భాజకాలు వెతకకుండానే

శ్రోతలకు నమస్కారం. ఇవాళ్టి కబురు ఒక సంఖ్య గురించి. 39 అంకెలు. మొత్తం చదివితే మీరు రేడియో కట్టేస్తారు కాబట్టి అది ఎలా పుడుతుందో చెబుతాను: 127 రెండ్లను వరసగా గుణించి, వచ్చినదాంట్లోంచి ఒకటి తీసేయడమే.

ఇది ప్రధాన సంఖ్య అని, అంటే ఒకటీ, అదీ తప్ప ఇంకేదీ దాన్ని శేషం లేకుండా భాగించదని 1876లో ఫ్రెంచి గణితవేత్త ఎడ్వార్డ్ లూకా తేల్చాడు. 1951 దాకా దీన్ని మించిన ప్రధాన సంఖ్య ఎవరికీ దొరకలేదు. ఆయనకు కంప్యూటర్ లేదు. ఒక్కో సంఖ్యతో భాగిస్తూ పోదామంటే, సెకనుకు వంద కోట్ల భాగహారాలు చేసే యంత్రానికైనా 400 ఏళ్లు చాలవు. అందుకే ఆయన భాజకాలను వెతకలేదు. మళ్లీ చెబుతున్నా, వెతకనేలేదు.

మరి ఏం చేశాడు? ఆయన పద్ధతిని తర్వాత లేమర్ అనే అమెరికన్ సులువు చేశాడు. ఆ రూపంలోనే చూద్దాం, చిన్న సంఖ్య మీద. 31 తీసుకోండి. ఐదు రెండ్లను గుణిస్తే 32, ఒకటి తీస్తే 31.

మొదలు 4. ఎప్పుడూ 4తోనే మొదలు. దాన్ని దానితోనే గుణించి, 2 తీసేయండి: 14. మళ్లీ అదే పని. పద్నాలుగు పద్నాలుగులు 196, రెండు తీస్తే 194. ఇది 31 కంటే పెద్దదైంది కదా, 31తో భాగించి శేషం మాత్రం ఉంచుకుందాం: 8. మళ్లీ అదే పని. ఎనిమిది ఎనిమిదులు 64, రెండు తీస్తే 62. దాన్ని 31తో భాగిస్తే శేషం సున్నా. అయిపోయింది, 31 ప్రధాన సంఖ్యే!

ఎన్నిసార్లు చేయాలి? రెండ్లు ఎన్ని ఉంటే అందులో రెండు తక్కువ. ఇక్కడ ఐదు రెండ్లు, కాబట్టి మూడుసార్లు. 127 రెండ్లకు 125 సార్లు. సరిగ్గా అన్నిసార్లు చేశాక సున్నా రాకపోతే అది ప్రధాన సంఖ్య కాదు. ఈ కిటుకు ఇలా రెండ్లతో పుట్టిన సంఖ్యలకే పనికొస్తుంది సుమా.

నన్నడిగితే సున్నా రాకపోవడమే ఎక్కువ వింత. 67 రెండ్లతో వచ్చే సంఖ్య ప్రధానం కాదని కూడా లూకాయే చూపించాడు. కానీ దాన్ని ఏది భాగిస్తుందో ఆయనకు తెలియదు! ఆ భాజకాలను 1903లో ఫ్రాంక్ కోల్ బయటపెట్టాడు. ఒకటి తొమ్మిది అంకెలది, ఇంకొకటి పన్నెండు అంకెలది.

2024లో ప్రకటించిన ప్రధాన సంఖ్యకు 4 కోట్ల 10 లక్షల పైచిలుకు అంకెలున్నాయి. దాన్నీ చివరకు ఈ పరీక్షతోనే నిర్ధారించారు.

కాగితం దగ్గరుంటే 127 మీద మీరే చేసి చూడండి. ఏడు రెండ్లు, కాబట్టి ఐదుసార్లు. 4 తర్వాత 14, ఆ తర్వాత 67, 42, 111. ఐదోది నేను చెప్పను.