ఇంట్లో మాట ఏ వేళకు వస్తుంది?

సభకు నమస్కారం. పదో తరగతి, ఇంటర్మీడియట్ చదువుతున్న పిల్లలంతా ముందు వరుసల్లోనూ, వారి తల్లిదండ్రులు వెనుక వరుసల్లోనూ కూర్చున్నారు. కుర్చీలు అలా వేయలేదనీ, మీరే విడిపోయి కూర్చున్నారనీ నిర్వాహకులు చెప్పారు. నేను మాట్లాడవలసిన విషయమూ దాదాపు అదే కనుక ఎవరినీ చోటు మారమని అడగను.

నేను మానసిక వైద్యుణ్ణి కాను. ఇరవై రెండేళ్లుగా విశాఖలో ఇంటర్మీడియట్ పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతున్నాను. ఒక అమ్మాయికి తండ్రిని. ఈ రెండింటిలో మొదటి పనిలోనే నాకు కొంత నైపుణ్యం ఉంది.

ముందు గడియారం సంగతి చెబుతాను. యౌవనం మొదలైనప్పుడు నిద్రను పిలిచే మెలటోనిన్ అనే హార్మోను శరీరంలో మునుపటికంటే ఆలస్యంగా, గంట నుంచి రెండు గంటలు జరిగి విడుదలవుతుంది. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల మధ్య వారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్రా వైద్యులు చెబుతారు. రాత్రి పదకొండు దాకా కునుకు పట్టని పిల్లను ఉదయం ఐదున్నరకు లేపి, కళ్లు తెరవలేదని సోమరి అంటే, ఆ పిల్లకు అది అన్యాయంగానే వినిపిస్తుంది. ఇందులో మనం గమనించనిది మరొకటి ఉంది. పిల్లల మనసు తేలికపడి, మాట్లాడాలనిపించే వేళ కూడా ఆ రాత్రి పదకొండే. గాజువాకలోనో కూర్మన్నపాలెంలోనో ఒక ఇల్లు తీసుకోండి. ఉక్కు కర్మాగారంలో బి షిఫ్టు దిగి వచ్చిన తండ్రి చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తుంటాడు. తల్లి మర్నాటి ఇడ్లీకి పిండి రుబ్బి గిన్నెలోకి తీస్తుంటుంది. కొడుకు వంటగది గుమ్మానికి ఆనుకొని నిలబడి, ఏమీ తోచనట్టు, డబ్బా మూత తీసి మళ్లీ పెడుతుంటాడు. ఆ మూత చప్పుడు విని “ఇంకా పడుకోలేదా?” అని మనం అంటాం. వాడు వెళ్లి పడుకుంటాడు. చెప్పాలని వచ్చిన మాట వాడితోనే వెనక్కి పోతుంది. ఇంట్లో పిల్లలు మాట్లాడడం లేదని నాతో వాపోయిన తల్లిదండ్రుల్లో చాలామంది, నాతో సహా, ఆ గుమ్మం దగ్గర ఓడిపోయినవాళ్లే.

ఇక మనం అడిగే ప్రశ్నలు. ఒక ఆదివారం పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా మా అమ్మాయితో నేనన్న మాటలు లెక్కపెట్టుకున్నాను. తిన్నావా, స్నానమైందా, రికార్డు రాశావా, ఫోనెవరిది, మొన్నటి పరీక్షలో ఎంతొచ్చింది: అన్నీ ప్రశ్నలే, అందులో సగానికి జవాబు నాకు ముందే తెలుసు. జవాబు తెలిసీ అడిగేదాన్ని పోలీసుస్టేషనులో విచారణ అంటారు. ఇంట్లో మాత్రం దానికి శ్రద్ధ అని పేరు పెట్టుకున్నాం.

మన భాషలోనే దీనికి ఒక వెసులుబాటు ఉంది. తెలుగులో భయం ‘నాకు’ వేస్తుంది, కోపం ‘నాకు’ వస్తుంది, బాధ ‘నాకు’ కలుగుతుంది. “నువ్వెప్పుడూ ఇంతే” అన్నప్పుడు ఎదుటివాడు దోషిగా నిలబడతాడు. “ఎనిమిదైనా రాకపోయేసరికి నాకు భయమేసింది” అన్నప్పుడు ఎవరూ దోషి కారు, విషయం మాత్రం పూర్తిగా తెలుస్తుంది. పిల్లలూ, ఇది మీకూ వర్తిస్తుంది. “మీకేం తెలీదు” అనే మాటకు బదులు “అందరి ముందు మార్కులు అడిగితే నాకు సిగ్గేసింది” అని ఒక్కసారి అని చూడండి. మీ నాన్నగారు వెంటనే మారతారని నేను హామీ ఇవ్వలేను. కానీ ఆ మాటకు ఎదురు వాదించడం ఆయనకు కష్టం. అలాగే “ఏం లేదు” అన్న జవాబు కొంచెం తగ్గించండి. ఇప్పుడు చెప్పలేకపోతే “రేపు చెబుతాను” అనండి, అన్న ప్రకారం రేపు చెప్పండి.

ఫోను గురించి ఎక్కువ చెప్పను. భోజనం దగ్గర పిల్లల ఫోను లాక్కునే ముందు మన ఫోను లోపల పెట్టి రావాలి, అంతే.

ఒక విషయం మాత్రం నవ్వులాటగా తీసుకోవద్దు. పది నుంచి పంతొమ్మిదేళ్ల వయసువారిలో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక ఆరోగ్య సమస్య ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మనమేమో వాల్తేరులోని మానసిక వైద్యశాల పేరును దశాబ్దాలుగా వెక్కిరింతకు వాడుకున్నాం. అలాంటి ఊళ్లో “నా మనసు బాగాలేదు” అని ఒక పిల్లవాడు నోరు తెరిచి చెప్పడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. ఇంట్లో చెప్పుకోలేనప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ఇంట్లోగానీ బయటగానీ ఎవరైనా కొడుతున్నా, వేధిస్తున్నా పిల్లల సహాయవాణి 1098 ఉంది. తల్లిదండ్రులు కోపగించుకుంటారేమోనని ఈ నంబర్లకు ఫోన్ చేయడం మానుకోకండి.

చివరగా మా ఇంటి సంగతి. ఒక ఏడాది ఆషాఢ పౌర్ణమికి మా అమ్మాయి, నేను సింహాచలం గిరిప్రదక్షిణకు వెళ్లాం. కొండ కింద తొలిమెట్టైన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరితే మళ్లీ అక్కడికే చేరడానికి సుమారు 32 కిలోమీటర్లు. పక్కపక్కన నడుస్తున్నప్పుడు ముఖాలు చూసుకోనక్కరలేదు. హనుమంతవాక, అప్పుఘర్ దాటేదాకా పులిహోర గురించీ, చెప్పుల్లేని కాళ్ల గురించీ మాట్లాడుకున్నాం. మాధవధార దగ్గర తను, నా వైపు చూడకుండా, “నాన్నా, నాకు ఎంపీసీ వద్దు, హెచ్ఈసీలో చేరతాను” అంది. భౌతికశాస్త్రం అధ్యాపకుడి కూతురు! ఎన్‌ఏడీ కూడలి దాకా నేనేమీ అనలేదు. అది నా విజ్ఞత అనుకోకండి. మోకాళ్ల నొప్పికి వాదించే ఊపిరి లేదు. గోపాలపట్నం దాటాక తనే అడిగింది, “కోపమొచ్చిందా?” అని.

“భయమేసిందమ్మా” అన్నాను.

తొలిపావంచాకు చేరేసరికి తెల్లవారుతోంది. ఇంటికి వెళ్లే బస్సు సిద్ధంగా ఉంది. మా అమ్మాయి మెట్టు మీద కూర్చుని, ఏడాదిగా నాకు చెప్పనివన్నీ ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది. ఆ బస్సూ, దాని తరువాతి బస్సూ వెళ్లిపోయాయి.