కరువు సీమలో వరద బీమా ఎందుకంటారా?

నమస్కారం. "మనది కరువు సీమ, మనకు వరద బీమా ఏంది సార్?" కర్నూలులో గానీ, అనంతపురంలో గానీ ఇంటికి ఇన్సూరెన్స్ మాట ఎత్తితే ముందు వినపడేది ఇదే. వాన తక్కువే, కాదనను. కానీ సీమలో ఇళ్లను ముంచేది మన మిద్దె మీద పడే వాన ఒక్కటే కాదు. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు పాతబస్తీని ముంచాయి. 2021 నవంబర్ 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, నీళ్లు రాజంపేట దగ్గరి పులపత్తూరు, మందపల్లి ఊళ్ల మీద పడ్డాయి. 2022 అక్టోబర్‌లో అనంతపురంలో నడిమి వంక (ఊరి మధ్య పారే వాగు) పొంగి కాలనీలు నీళ్లలో నిలిచాయి. బుగ్గవంక పొంగితే ఎలా ఉంటుందో కడపవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

అందుకే మీ ఊరి వర్షపాతం లెక్క పక్కన పెట్టండి. ఇంటికి ఎగువన చెరువు ఉందా? చెరువు నిండి మరవ మీదుగా పొర్లే నీళ్లు ఏ దారిన పోతాయి? ఆ దారిలో ఇళ్లు లేచాయా? ఏడాదంతా ఎండి, చెత్తతో నిండిన వంకే ఎక్కువ ప్రమాదం. నీళ్లొచ్చిన రాత్రి వాటికి పోయే దారి ఉండదు.

గవర్నమెంట్ ఇస్తుంది కదా అంటారా? 2022-26 కాలానికి కేంద్రం పెట్టిన విపత్తు సాయం నిబంధనల్లో ఇల్లు పూర్తిగా పోతే మైదాన ప్రాంతంలో 1,20,000 రూపాయలు. పక్కా ఇల్లు కొంత దెబ్బతింటే 6,500. బట్టలకు 2,500, వంట సామానుకు 2,500. ఇల్లు నిలిచి, ఇంట్లో ఫ్రిజ్ ఒక్కటి పోయినా ఈ వేల రూపాయలు చాలవు.

ఇక పాలసీ సంగతి. వరద బీమా అని విడిగా అడిగితే చాలా ఆఫీసుల్లో తెల్లముఖం వేస్తారు. "భారత్ గృహ రక్ష" అని అడగండి. 2021 ఏప్రిల్ 1 నుంచి బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ తెచ్చిన ప్రామాణిక ఇంటి పాలసీ ఇది. అగ్ని, భూకంపం, తుపాను, వరద అన్నీ ఒకే దాంట్లో ఉంటాయి. వరద తర్వాత 7 రోజుల లోపు ఇంట్లో దొంగలు పడితే అదీ వస్తుంది. ఇల్లు వదిలి పునరావాస కేంద్రంలో ఉన్న రోజుల్లోనే కదా తాళాలు పగిలేది.

హోమ్ లోన్ ఉన్నవాళ్లు ఒకటి చూసుకోండి. బ్యాంకులో "ఇన్సూరెన్స్ కట్టాం" అనుకునేది చాలాసార్లు మీ ప్రాణం మీద తీసిన పాలసీ. మీకేమైనా అయితే అప్పు తీరుతుంది, గోడ పడితే రూపాయి రాదు. కాగితం తీసి, బీమా మనిషికా, ఇంటికా చూడండి.

ఎంతకు రాయించాలి? సైటు విలువ లెక్కలోకి రాదు, సైటు కొట్టుకుపోదు కదా. కార్పెట్ ఏరియాను (గోడల లోపలి నేల వైశాల్యాన్ని) ఈరోజు కట్టుబడి ఖర్చుతో హెచ్చించండి. 900 చదరపు అడుగులు, అడుగుకు 2,000 అనుకుంటే 18 లక్షలు. ప్రహరీ, గేటు, నీళ్ల ట్యాంకు విలువ అదనం. ఇల్లు రాయిస్తే సామానుకు అందులో 20 శాతం దానంతటదే వస్తుంది, అంటే ఇక్కడ 3.6 లక్షలు. దీనికి గరిష్ఠం 10 లక్షలు. అంతకు మించి సామాను ఉంటే జాబితా ఇచ్చి పెంచుకోవాలి. తక్కువకు రాయించారని ఈ పాలసీలో ఆ నిష్పత్తిలో క్లెయిమ్ కోయరు గానీ, రాసిన మొత్తం దాటి పైసా రాదు.

అద్దెకుండేవాళ్లు "ఇల్లు ఓనర్‌ది, నాకెందుకు" అనుకుంటారు. ఓనర్ పాలసీ ఓనర్ గోడలకే. మీ బీరువా, వాషింగ్ మెషీన్, ఇన్వర్టర్, పిల్లల కంప్యూటర్ మీవి. సామానుకు మాత్రమే పాలసీ తీసుకోవచ్చు. కింది పోర్షన్‌లో ఉంటే అసలు ఆలోచించక్కర్లేదు, తీసుకోండి.

రానివి: నగదు, బండ్లు. నగలకు విడిగా అదనపు కవర్ కట్టాలి. బండికి థర్డ్ పార్టీ (ఎదుటివాళ్ల నష్టానికి కట్టే బీమా) మాత్రమే ఉంటే వరద నష్టం రాదు. అమ్మడానికి ఇంట్లో నిలవేసిన శనక్కాయ బస్తాలు ఇంటి సామాను కాదు. కింద కిరాణా కొట్టు ఉంటే దానికి "భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష" వేరే పాలసీ. పాత చెమ్మ, మిద్దె కారడం వరద కిందికి రావు. కొట్టమో, మట్టి మిద్దెనో ఉంటే ఫారంలో ఉన్నదున్నట్టు రాయండి. దాచిపెడితే క్లెయిమ్ దగ్గర అదే మెడకు చుట్టుకుంటుంది.

క్లెయిమ్ ఎక్కువగా దెబ్బతినేది మొదటి రెండు రోజుల్లో. నీళ్లు తీయగానే అందరూ చీపురు పట్టుకుంటారు. ఆగండి. గోడ మీద బురద గీత ఎక్కడిదాకా వచ్చిందో టేపు పెట్టి, నేల నుంచి ఎత్తు కనపడేలా ఫోటో తీయండి. ప్రతి గదిలో ఒకటి, డోర్ నంబరుతో సహా బయట ఒకటి. ఫ్రిజ్ వెనక మోడల్, సీరియల్ నంబరు ఉండే స్టిక్కర్ దగ్గరగా తీయండి, తడిసి ఊడిపోతుంది. ఏ మెషీన్‌నూ ఆన్ చేసి చూడొద్దు. బురద పట్టిన మోటారుకు కరెంటు ఇస్తే వైండింగ్ కాలుతుంది, అప్పుడది వరద వల్ల పోయిందా, మీ వల్లనా అని వాదన. కుళ్లిన సరుకులు ఫోటో తీసి పారేయొచ్చు. మిగతావి సర్వేయర్ (నష్టం లెక్కగట్టడానికి కంపెనీ పంపే మనిషి) చూసేదాకా పాత సామాన్ల బండికి వేయొద్దు.

రాతికి మట్టి పెట్టి కట్టిన పాత గోడలను ఇంకో వారం గమనించండి. లోపలి మట్టి నాని జారి, నీళ్లు పోయాక కూలుతాయి. పగుళ్లు పెరిగితే సర్వేయర్‌కు మళ్లీ రాతపూర్వకంగా చెప్పండి.

కంపెనీకి వెంటనే ఫోన్ చేసి, క్లెయిమ్ నంబరు రాసుకోండి, ఈమెయిల్ కూడా పెట్టండి. క్లెయిమ్ ఫారం 30 రోజుల్లో ఇవ్వాలి. పాలసీ కాపీ, బిల్లులు ఫోన్‌లోనో, మెయిల్‌లోనో దాచుకోండి. బీరువాలో పెడితే బీరువాతో పాటే మునుగుతాయి.

తేడా వస్తే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా రాయండి. తర్వాత ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్, లేదా 155255 నంబరు. కంపెనీ నుంచి 30 రోజుల్లో జవాబు రాకపోయినా, జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా గొడవలు తీర్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. 50 లక్షల దాకా వివాదాలు అక్కడ చూస్తారు, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు.