3,35,50,336 పెట్టిన తగువు

యాంకర్: హలో, ఎక్కడి నుంచండీ?

కాలర్: నంద్యాల నుంచమ్మా. మాస్టారికి నమస్కారం. మా మనవడు తొమ్మిదో తరగతి. వాళ్ల సార్ 3,35,50,336 అనే సంఖ్య ఇచ్చి, అది ఏయే రకాల కిందికి వస్తుందో రాసుకురమ్మన్నారు. వీడు ‘సరి సంఖ్య’ అని ఒక్క ముక్క రాసుకెళ్లాడు. చాలదన్నారట. మూడు రోజులుగా ఇద్దరం కూర్చుని భాగాహారాలే. రైస్ మిల్లులో గుమాస్తాగా చేసినవాణ్ణి, లెక్కంటే భయం లేదు. కానీ 21 కారణాంకాల దగ్గర ఆగిపోయాం.

మాస్టారు: ఏ అంకె కనిపిస్తే దాంతో భాగిస్తున్నారు కదూ?

కాలర్: అవునండీ. 7, 11, 13... నాలుగు పేజీలు నిండాయి.

మాస్టారు: ఆ పేజీలు పక్కన పెట్టేయండి. పోయినన్నిసార్లు 2తోనే భాగించండి. 12 సార్లు పోయి 8191 మిగులుతుంది. అది ప్రధాన సంఖ్య, ఇక పగలదు.

యాంకర్: పగలదని ఎలా తెలుస్తుంది మాస్టారూ?

మాస్టారు: మామూలుగా అయితే 90 లోపు ఉన్న 24 ప్రధాన సంఖ్యలతోనూ భాగించి చూడాలి. ఇక్కడ ఒక దగ్గరి దారి ఉంది. 13 రెళ్లను గుణిస్తే 8192, అందులో ఒకటి తీసేస్తే 8191. 13 ప్రధాన సంఖ్య కాబట్టి, 8191ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా 26 గుణిజం కంటే ఒకటి ఎక్కువగానే ఉండాలి. 90 లోపు అలాంటివి 27, 53, 79. 27 ప్రధాన సంఖ్యే కాదు. 53తో భాగిస్తే శేషం 29, 79తో 54. రెండే భాగాహారాలు!

కాలర్: అయ్యో, మూడు రోజులు పోయాయే!

మాస్టారు: ఇప్పుడు 1, 2, 4 అంటూ 4096 దాకా 13 కారణాంకాలు. వాటినే 8191తో గుణిస్తే ఇంకో 13. మొత్తం 26.

కాలర్: అయిదు తప్పించుకున్నాయన్నమాట.

మాస్టారు: మొదటి 13 కూడితే 8191. రెండో వరుసలో చివరిది మన సంఖ్యే, దాన్ని వదిలేస్తే మిగిలిన 12 మొత్తం 8191 × 4095. రెండూ కలిపితే 8191 × 4096. అంటే ఎంత?

మనవడు: మళ్లీ అదే సంఖ్య! పర్‌ఫెక్ట్ నంబరా సార్?

మాస్టారు: అదేరా, పరిపూర్ణ సంఖ్య. అంటే తనను వదిలేసి మిగతా కారణాంకాలన్నీ కూడితే మళ్లీ తానే వచ్చే సంఖ్య. 6, 28, 496, 8128 తర్వాత అయిదోది. వాటిని చూసి పూర్వం గ్రీకు పండితుడు నికోమాకస్ ఒక్కో అంకెల లెక్కకు ఒక్కోటి ఉంటుందనీ, చివర 6, 8 మార్చి మార్చి వస్తాయనీ అనుకున్నాడు. తీరా చూస్తే అయిదోది ఏకంగా ఎనిమిది అంకెలది. ఆరోది 8,58,98,69,056, అదీ 6తోనే ముగుస్తుంది. ఇలా నాలుగు ఉదాహరణలు చూసి సూత్రం కట్టేయడం మన పిల్లలూ చేస్తుంటారు. నువ్వు సరి, సంయుక్త, పరిపూర్ణ సంఖ్య అని రాయి. 1 నుంచి 8191 వరకు కూడినా ఇదే వస్తుంది కాబట్టి త్రిభుజ సంఖ్య అనీ రాయి.

మనవడు: సార్, దీని అంకెలు కూడితే 28 వస్తోంది. అదీ పర్‌ఫెక్టే!

మాస్టారు: బాగా పట్టావు. కాకతాళీయం, మార్కుల కోసం రాయకు.

కాలర్: బేసి వాటిలో ఇలాంటివి లేవా మాస్టారూ?

మాస్టారు: ఇంతవరకు ఒక్కటీ దొరకలేదు. లేవని ఎవరూ రుజువు చేయనూ లేదు.

కాలర్: అయితే ఈ నాలుగు పేజీలూ పారేయను లెండి.