అయిదు చోట్ల రాసిన ఏడో పిన్ను

అందరికీ నమస్కారం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పుస్తకాల్లో ఇంగ్లీషు. పర్లాకిమిడిలో చాలామంది చదువు ఇలాగే సాగుతుంది, నాదీ అంతే. అందుకని మైక్రోకంట్రోలర్ గురించి, అంటే యంత్రాలను నడిపే చిన్న కంప్యూటర్ చిప్పు గురించి కూడా ఈ పూట తెలుగులోనే మాట్లాడుకుందాం.

ముందు నా తప్పు చెబుతాను. పలాసలో ఒక జీడిపప్పు షెడ్డు కోసం చిన్న నమూనా బండి చేశాను. ఈ బల్ల నుంచి ఆ బల్లకు పప్పు ట్రే మోయడమే దాని పని. ఆర్డుయినో ఉనో అనే మైక్రోకంట్రోలర్ బోర్డు, అది చెప్పినట్టు మోటార్లకు కరెంటు అందించే ఎల్298ఎన్ మోటారు డ్రైవరు, చక్రానికొకటి చొప్పున రెండు మోటార్లు. ఒక్కో మోటారుకు బోర్డు మీద మూడు పిన్నులు, అంటే తీగ గుచ్చే చోట్లు: దిశకు రెండు, వేగానికి ఒకటి. ఎడమ మోటారుకు దిశ పిన్నులు 4, 7. వేగం పిన్ను 5.

ముందుకు, వెనక్కి, ఎడమకు, కుడికి, ఆగు అని అయిదు ఫంక్షన్లు, అంటే పేరు పెట్టిన కోడు ముక్కలు రాశాను. ఒక్కోదానిలో ఆరు పంక్తులు, మొత్తం ముప్పై. పిన్నుకు వోల్టేజి ఇస్తే ‘హై’, తీసేస్తే ‘లో’. మొదటిదాన్ని కాపీ చేసి ‘హై’ ఉన్నచోట ‘లో’ పెట్టుకుంటూ పోయాను. పని చేసింది కూడా!

ఒకరోజు ఏడో పిన్ను వదులైతే ఆ తీగను ఎనిమిదికి మార్చాను. కోడులో నాలుగు చోట్ల 7ను 8 చేసి, ‘వెనక్కి’లో మరిచిపోయాను. వెనక్కి రమ్మంటే ఎడమ చక్రం కదలలేదు, కుడి చక్రం ఒక్కటే తిరిగింది. బండి గిర్రున తిరిగి పప్పు డబ్బాను గుద్దింది. నేలంతా పప్పు.

నేను మొదట తీగను అనుమానించాను, తర్వాత డ్రైవరును, చివరికి బ్యాటరీని. కోడు మీద అనుమానమే రాలేదు.

ముప్పై పంక్తులు ఉండటం తప్పు కాదు. ఉనోలో ప్రోగ్రాము దాచుకునే ఫ్లాష్ మెమరీ 32 కిలోబైట్లు ఉంది, వాటికి చోటు దండిగా ఉంటుంది. ఎడమ మోటారు తీగ ఎక్కడుందన్న ఒకే సంగతిని అయిదు చోట్ల రాయడమే నేను చేసిన తప్పు.

ఇప్పుడు ఎలా రాస్తున్నానో చూడండి. పైన ఒక చిన్న పట్టిక: ఎడమ మోటారుకు 4, 8, 5, కుడి మోటారుకు 12, 11, 6. కింద పిన్నులను నడిపే ఫంక్షను ఒక్కటే. దానికి మోటారు పేరు, వేగం ఇస్తాం. వేగం -255 నుంచి 255 దాకా ఉండవచ్చు. సున్నాకు పైన ఉంటే మొదటి దిశ పిన్ను హై, కింద ఉంటే రెండోది హై, సున్నా అయితే రెండూ లో. మైనస్ గుర్తు తీసేసిన అంకె వేగం పిన్నుకు వెళుతుంది. ముందుకు అంటే 180, 180. ఎడమకు తిరగాలంటే -150, 150. మోటారు ఎదురు దిశలో తిరుగుతోందా? పట్టికలో రెండు దిశ పిన్నులు తారుమారు చేస్తే చాలు, స్క్రూడ్రైవరు తీయనక్కరలేదు.

ఆ ఫంక్షనులోనే వేగానికి హద్దు కూడా పెట్టండి. హద్దు లేనప్పుడు పొరపాటున 300 ఇస్తే బండి దూసుకుపోదు. వేగాన్ని దాచుకునే రిజిస్టరు ఎనిమిది బిట్లదే, అందులో 255 దాకానే పడుతుంది కాబట్టి 300లో 256 పోయి అది 44గా మారుతుంది, మోటారు మూలుగుతూ నిలబడిపోతుంది. ముందుకు పోతున్న మోటారును ఒక్కసారిగా వెనక్కి తిప్పితే కరెంటు బాగా లాగుతుంది, కాబట్టి మధ్యలో కాస్త విరామం కావాలి. పాత పద్ధతిలో ఈ రెండూ ఎన్ని చోట్ల చేర్చాలో లెక్కపెట్టుకోండి.

కొందరు చాలా పిన్నులను ఒకేసారి మార్చే పోర్టు రిజిస్టర్లలోకి నేరుగా రాసి, నాలుగు పంక్తులను ఒక పంక్తి చేసి మురిసిపోతారు. కోడు చాలా వేగంగా నడవాల్సిన చోట అది మంచి విద్యే. మన బండికి అది దండగ, నెల తర్వాత రాసినవాడికే అర్థం కాదు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన ఊళ్లో నిలబడి ఈ మాట అనడానికి నాకు మొహమాటం లేదు. నా ఫంక్షన్ల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే అయినా ‘ముందుకు’, ‘వెనక్కి’ అనే ఉంటాయి. షెడ్డులో మేస్త్రీ కూడా చదివి అంకె మార్చగలడు.

సరే, బండి బల్ల మీదే ఉంది. ఎనిమిదో పిన్ను తీగ పీకి తొమ్మిదిలో పెడుతున్నాను. ఎవరైనా ఒకరు వచ్చి కోడు సరిచేయండి. అంతకంటే ముందు, చక్రాలు నేలకు తగలకుండా బండిని ఆ ఇటుక మీదకు ఎత్తండి.