డెలావేర్ ఒడ్డున షాడ్ చేప పేరుతో ఒక జియోక్యాష్

హాయ్ అండీ, అందరికీ నమస్కారం. ఇవాళ న్యూజెర్సీలో లాంబర్ట్‌విల్‌కి వచ్చాం. ఈ ఎదురుగా ఉన్నది డెలావేర్ నది. ఆ వంతెన దాటితే పెన్సిల్వేనియా.

జియోక్యాషింగ్ అంటే తెలియనివాళ్లకి ఒక్క ముక్క. మామూలు జనానికి చోటు కచ్చితంగా తెలియకుండా అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సిగ్నల్స్‌లో కావాలని పెట్టిన తేడాని 2000 మే మొదట్లో తీసేసింది. ఆ మరునాడే ఒరెగాన్‌లో ఒకాయన అడవిలో ఒక బకెట్ దాచి, దాని కోఆర్డినేట్స్, అంటే ఆ చోటు అక్షాంశ రేఖాంశాల అంకెలు, ఆన్‌లైన్‌లో పెట్టాడు. ఆట అలా మొదలైంది. డబ్బా వెతకాలి, లోపలి లాగ్‌బుక్‌లో పేరు రాయాలి, మళ్లీ అలాగే దాచేయాలి.

ఇలా దాచిన డబ్బానే క్యాష్ అంటారు, డబ్బు కాదండీ. ఇవాళ్టిది మిస్టరీ క్యాష్. మ్యాప్‌లో చూపించే చోట డబ్బా ఉండదు. షాడ్ చేప మీద కొన్ని ప్రశ్నలు ఇస్తారు, జవాబుల్లోని అంకెలు కలిపితే అసలు చోటు తెలుస్తుంది.

షాడ్ అంటే మన పులసలాగే సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి నదికి ఎదురీదే చేప. పుట్టిన నదికే తిరిగొస్తుంది, ఎక్కువగా నాలుగైదేళ్ల వయసులో. వసంతంలో నీళ్లు కాస్త వేడెక్కగానే ఇక్కడ బారులు కడుతుంది.

మొదటి ప్రశ్న: ఇక్కడి లూయిస్ ఫిషరీ ఏ సంవత్సరంలో మొదలైంది? 1888. అప్పటి నుంచీ ఒకే కుటుంబం ఆధ్వర్యంలో పడవలో వల తీసుకెళ్లి, నదిలో చుట్టి, ఒడ్డుకి లాగుతున్నారు. మన తీరంలో అలివి వల లాగినట్టే ఉంటుంది. పట్టిన చేపల లెక్క కూడా తరతరాలుగా రాసి పెట్టారు. ఆ లెక్కల్లో 1950ల్లో కొన్నేళ్లు దాదాపు ఖాళీ. ఫిలడెల్ఫియా దగ్గర మురుగునీరు, ఫ్యాక్టరీల వ్యర్థాలు కలిసి నీళ్లలో ఆక్సిజన్ లేకుండా చేశాయి. చేప ఆ మేర దాటి పైకి రాలేకపోయింది. తర్వాత 1972 నాటి క్లీన్ వాటర్ చట్టం, మురుగు శుద్ధి ప్లాంట్లు వచ్చాక మళ్లీ రావడం మొదలుపెట్టింది.

నాకు బాగా నచ్చింది రెండో ప్రశ్న. డెలావేర్ ప్రధాన నదికి అడ్డంగా ఎన్ని డ్యాములు ఉన్నాయి? మా అబ్బాయి కింద కనిపిస్తున్న రాతి కట్ట చూపించి ఒకటి అన్నాడు. అది వింగ్ డ్యామ్ నాన్నా, మధ్యలో నీళ్లకి దారి వదిలి కట్టారు అని చెప్పాను. జవాబు సున్నా. న్యూయార్క్ రాష్ట్రంలోని హ్యాన్‌కాక్ నుంచి సముద్రం దాకా దాదాపు 330 మైళ్లు, ఎక్కడా పూర్తి అడ్డుకట్ట లేదు. మిసిసిపీకి తూర్పున ఇంత పొడవునా ఇలా మిగిలిన నది ఇదొక్కటే.

ఆ సున్నా తేలిగ్గా మిగల్లేదండీ. 1955 వరదల తర్వాత టాక్స్ ఐలాండ్ దగ్గర పెద్ద డ్యామ్ కట్టాలనుకున్నారు. 1962లో అమెరికా కాంగ్రెస్, అంటే వాళ్ల పార్లమెంటు, అనుమతి కూడా ఇచ్చింది. దానికోసం చాలామంది ఇళ్లు, పొలాలు వదిలి వెళ్లాల్సి వచ్చింది కూడా. చివరికి 1975లో ఈ నదిని పంచుకునే నాలుగు రాష్ట్రాల్లో మూడు వద్దని ఓటేశాయి. అది కట్టి ఉంటే ఈ ప్రశ్నకి జవాబు ఒకటి అయ్యేది, ఎగువన గుడ్లు పెట్టే చోట్లకి ఈ చేప వెళ్లలేకపోయేది.

ఉపనదుల్లో మాత్రం పని ఇంకా ఉంది. మస్కొనెట్‌కాంగ్ అనే ఉపనది మీద హ్యూస్‌విల్ డ్యామ్‌ని 2016లో తీసేస్తే, ఆ మరుసటి వసంతంలోనే షాడ్ అక్కడికి చేరింది. దారి తెరిచిన ఏడాదిలోపే! ఇది చదివినప్పుడు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

సరే, డబ్బా దొరికింది! లాగ్‌బుక్‌లో మా అబ్బాయి పేరు రాసి, పక్కన చేప బొమ్మ వేశాడు. కోఆర్డినేట్స్ వీడియోలో చెప్పను, వెతుక్కునేవాళ్ల ఆనందం పోతుంది కదా. తవ్వే పని లేదు, స్థలం యజమాని అనుమతి లేకుండా నేల తవ్వి క్యాష్ పెట్టకూడదన్నది ఈ ఆటలో రూలే. రావాలనుకునేవాళ్లు ఏప్రిల్‌లో రండి. ఆ సీజన్‌లో వల లాగడం ఒడ్డు నుంచే చూడొచ్చు.